పండ్రెండేండ్ల గోతులు, కొన్ని నెలల ప్రయాణము

కొత్త బస్సును ప్రజలకప్పగించుటకు ముందు కుదిపి, ఒరగించి, పడద్రోసి చూచు పరీక్షలను గూర్చియు, ఆ పరీక్షల కందని సంగతులను గూర్చియు

సంతలో కోడెను కొనువాడు పండ్లు చూచును, గిట్టలు చూచును, వీపుమీది సుడులు లెక్కించును. అంతటితో తృప్తి చెందక, బరువుబండికి కట్టి నాలుగు బారలు లాగించి చూచిన పిమ్మటగాని రొండిని ముడిచిన రూకలు బయటికి తీయడు. నలువది యేబదిమంది ప్రాణములను రాత్రింబవళ్లు మోయవలసిన బస్సు విషయమున మాత్రము, చేయువాడొకడు, కొనువాడొకడు, నడుపువాడొకడు, ఎక్కువాడు వేఱొకడు అగుటచేత, ఆ లాగించి చూచు పని యెవరిదను ప్రశ్న చిరకాలము తేలకుండనే యుండినది. ఎక్కువానికి ఎటులును ఆ యవకాశము లేదు. అతడు పరీక్షింపగలిగినది కిటికీప్రక్క సీటు ఖాళీగా నున్నదా యన్నంతవఱకే.

ఆ ప్రశ్నను శాసనముచే తేల్చుకొనిన దేశములలో అమెరికా యొకటి. తేల్చుకొనిన చోటు పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఆల్టూనా అను చిన్న పట్టణము. అల్లెఘెనీ కొండల తూర్పు పాదమున నున్న ఆ యూరి పుట్టుకయే యంత్రశాలలతో ముడివడినది. 1849లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్డు కంపెనీ తన యింజనుల నిర్మాణమునకును మరమ్మతులకును కర్మాగారములు నెలకొల్పి, వాని చుట్టును ఆ పట్టణమును వెలయించినది. 1875లో ఆ కంపెనీవారు యేల్ విశ్వవిద్యాలయమునుండి పట్టము పుచ్చుకొని వచ్చిన చార్లెస్ డడ్లీ అను రసాయన శాస్త్రజ్ఞుని కొలువున నియమించి, తాము కొనుచున్న నూనెలను, రంగులను, ఉక్కు పట్టాలను ప్రయోగశాలలో పరీక్షింపుమనిరి. అమ్మువాని మాటను బట్టి గాక కొనువాని కొలతను బట్టి సరకు తీసికొనవలెనను పద్ధతి పాదుకొనుటకు పాటుపడినవారిలో ఆయన యగ్రగణ్యుడు. వస్తుపరీక్షల ప్రమాణములను నిర్ణయించు అమెరికన్ సంఘమునకు 1902లో అధ్యక్షుడై, 1909లో కాలధర్మము నొందువఱకు ఆ పీఠమున నుండెను. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనమున ఆ రైలు కంపెనీయే యొక వింతను చూపినది: ఇంజను నిలిచినచోటనే నిలిచియుండగా దాని చక్రములు క్రింది ఉరుళ్లమీద పూర్తి వేగముతో పరిభ్రమించుచుండును; అది లాగు బలమును, త్రాగు నీటిని, మ్రింగు బొగ్గును ప్రక్కనున్న పరిశీలకులు వ్రాసికొనుచుందురు. ప్రదర్శనము ముగిసిన పిమ్మట ఆ యంత్రసామగ్రిని ఆల్టూనాకు తరలించిరి. బస్సులు వచ్చుటకు ఎనుబదేండ్లకు ముందే ఆ యూరివారికి చక్రముగలదానినెల్ల శంకించి చూచుట వృత్తియై యుండినదన్న మాట.

బస్సులు అచ్చటికి చేరుటకు కారణము న్యూయార్కు వీథులలో పుట్టినది. అమెరికాలో నగర బస్సులను తయారుచేయు కొలదిపాటి సంస్థలలో ఫ్లెక్సిబుల్ అనునది పాతకాపు. దానిని 1978లో గ్రమ్మన్ కంపెనీ కొన్నది. గ్రమ్మన్‌వారు సామాన్యులు కారు. యుద్ధవిమానముల నిర్మాణమున ఆఱితేఱినవారు. 1969లో ఇరువురు మానవులను చంద్రుని నేలపై దించిన వాహనము వారి చేతి పనియే. వారి యాజమాన్యమున 870 అను సంఖ్యతో వెలువడిన తేలికపాటి బస్సు చూపులకు సొగసైనది. నగరములు వందలకొలది కొన్నవి. 1980 డిసెంబరునాటికి న్యూయార్కులో ఆ బస్సుల అడుగుచట్రములందు పగుళ్లు కానవచ్చినవి. రవాణాధికారులు ఆఱు వందలకు పైబడిన బస్సులను ఒక్కపెట్టున రోడ్డుమీదినుండి తప్పించిరి. చలికాలమున, పండుగల ముందు, ప్రయాణికులు మూలమూలల పడిగాపులు పడిరి. ఇతర నగరములలోను పగుళ్లు బయటపడినవి. అతుకులు వేయుట, అభియోగములు తెచ్చుట, నింద నొకరిమీది కొకరు నెట్టుట యథావిధిగా నడచినవి. 1983లో గ్రమ్మన్ ఆ వ్యాపారమును అమ్ముకొన్నది. మఱుసటి యేట న్యూయార్కు ఆ బస్సులను విడిచిపెట్టినది. చంద్రునిమీద ఒక్కమాఱు దిగవలసిన వాహనమునకు తేలికదనమే ప్రాణము; మన్‌హట్టన్ గోతులలో తెల్లవాఱుజామునుండి అర్ధరాత్రివఱకు ఏండ్ల తరబడి పడి లేవవలసిన వాహనమునకు కావలసినది మఱియొక గుణము, అది కాగితముమీది గణితమున తేలికగా పట్టుపడునది కాదు.

ఇందులో ప్రజాధనపు సంగతి కూడ కలదు. నగరములు కొను బస్సుల వెలలో నూటికి ఎనుబది పాళ్లవఱకు కేంద్ర ప్రభుత్వమే భరించుచుండెడిది. అట్టి బస్సులు నడిమికి విఱుగుచుండగా, ఇకమీదట పరీక్షకు నిలిచిన నమూనాకేగాని ధనమీయరాదని 1987 నాటి రహదారుల శాసనమున ఒక నిబంధనను చేర్చిరి. ఆ శాసనమును అధ్యక్షుడు రీగన్ త్రోసిపుచ్చగా, ఏప్రిల్ 2వ తేదీన సెనేటు సరిగా కావలసినన్ని 67 వోట్లతో, ఒక్కటి తగ్గినను వీగిపోవు స్థితిలో, అధ్యక్షుని కాదని దానిని నెగ్గించినది. పల్లెపట్టుల రహదారులమీద గంటకు 65 మైళ్ల వేగమున కారు నడుపుటకు అనుమతించిన శాసనముగా దానిని అమెరికనులు జ్ఞాపకముంచుకొన్నారు. బస్సుల నిబంధన యెవరి కంటను బడలేదు. మేలైన శాసనములు పెక్కు ఇట్లు పెద్ద గ్రంథముల నడుమ నక్కి వచ్చినవే. పరీక్షల భారమును పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు అప్పగించిరి; పరీక్షాకేంద్రము ఆల్టూనాలో వెలసినది.

అచ్చటికి చేరిన బస్సునకు జరుగు మర్యాదలు చిత్రమైనవి. మొదట దాని యొడలెల్ల కొలిచి, తూచి వ్రాసికొందురు. పిమ్మట గేరుపెట్టె, ఆల్టర్నేటరు, స్టార్టరు, బ్యాటరీలు మున్నగువానిని విప్పి, తిరిగి బిగించి, ఒక్కొక్కదానికి ఎంత పొద్దు పట్టినదో గడియారము చూచి వ్రాయుదురు. ఈ లెక్క విలువ మన డిపోలలో గ్రీజు పూసికొనిన మెకానిక్కును అడిగిన చెప్పును: పదినిమిషములలో మార్చదగిన వస్తువును చేయి దూరని సందులో బిగించిన మహానుభావుని, తెల్లవాఱి నాలుగు గంటలకు మొదటి సర్వీసు పంపవలసిన వేళ, అతడు ఏ మాటలతో స్మరించునో అవి యిచ్చట వ్రాయదగినవి కావు.

తరువాత బరువుల పరీక్ష. స్ప్రింగులపై భారము పడకుండ బస్సును దిమ్మలమీద నిలిపి, డ్రైవరునకును, ప్రతి సీటునకును, నిలుచుటకు వీలైన నేలలో ప్రతి ఒకటిన్నర చదరపు అడుగునకును మనిషి యొక్కింటికి 150 పౌనుల చొప్పున, అనగా 68 కిలోల చొప్పున, లెక్కగట్టి, ఆ మొత్తమునకు రెండున్నర రెట్లు బరువును లోపల పేర్చుదురు. దించిన పిమ్మట నేల తన పూర్వస్థితికి వచ్చినదా, లేక కొంత క్రుంగియే నిలిచినదా అని చూతురు. మూడు మాఱులవఱకు ఈ యెత్తుట దించుట జరుగును. మనిషికి ఒకటిన్నర చదరపు అడుగు అనగా చిన్న పీటకంటె తక్కువ. అట్లు క్రిక్కిఱిసినవారి బరువునకు రెండున్నర రెట్లు! అమెరికా పట్టణములలో ఇంత రద్దీ ఏనాడు కలుగునని నవ్వువారుందురు. దసరా ముందునాడు పల్లెవెలుగు బస్సెక్కినవారు నవ్వరు.

వేఱొక పరీక్ష చూచుటకు చిన్నది, పనికి పెద్దది. ఒక చక్రమును ఆఱంగుళముల యెత్తు మీదికి ఎక్కింతురు, లేదా ఆఱంగుళముల గోతిలోనికి దింపుదురు. బస్సు శరీరము మెలివడి నిలుచును. ఆ భంగిమలోనే తలుపులన్నియు, కిటికీలన్నియు, ఆపద్ద్వారములన్నియు తెఱచి మూసి చూతురు. పైనుండి నీరు చిమ్మి యెచ్చటనైన కాఱుచున్నదేమో పరికింతురు. సమతలమున సులువుగా తెఱచుకొను తలుపు బస్సు మెలివడినప్పుడు బిగిసికొనవచ్చును. ప్రమాదమునకు లోనైన బస్సు సమతలమున నిలుచుట అరుదు గదా!

ఇక గట్టిదనపు పరీక్ష యున్నది. ఇదియే ఆల్టూనాకు హృదయస్థానము. విశ్వవిద్యాలయపు పరీక్షాబాటమీద కావలెనని నిర్మించిన గతుకులు, ఒక చక్రము లేచినప్పుడు వేఱొకటి దిగునట్లు ఎడాపెడా అమర్చిన మిట్టలు, నాలుగంగుళముల గోతులు, చట్రమును తువాలువలె పిండు వంకరలు, రైలుపట్టాల దాటుచోటును బోలిన అమరికలు వరుసగా నుండును. పండ్రెండేండ్లు, 5,00,000 మైళ్లు నడువవలసిన పెద్ద నగర బస్సునకు ఇట్టి బాటమీద ఇంచుమించు 15,000 మైళ్లు విధింపబడినవి. మన లెక్కలో ఎనిమిది లక్షల కిలోమీటర్ల బ్రతుకును ఇరువదినాలుగు వేల కిలోమీటర్లలో బ్రతికి చూపవలెనన్న మాట. ఒకే యావృతపథమున, ఒకే గోతులలో, కొన్ని నెలలపాటు బస్సు తిరుగుచుండును. ఎక్కు ప్రయాణికుడు లేడు, దిగు ఊరు లేదు.

కాలమును ఇట్లు కుదించుట న్యాయమా అని సందేహింపవచ్చును. దీనికి ఆధారము పందొమ్మిదవ శతాబ్దమధ్యమున జర్మను రైల్వే యింజనీరు ఆగస్ట్ వోలర్ చేసిన పరిశ్రమ. రైలుబండ్ల ఇరుసులు ఎట్టి మహాభారమును పడకుండనే, నిత్యమును మోయు బరువుతోనే, ఒకనాడు పుటుక్కున విఱుగుచుండుటను చూచి, ఆయన లోహమును మరల మరల వంచి విడుచు యంత్రములు కల్పించి, ఒక్కమాఱు మోయగల భారమునకంటె ఎంతయో తక్కువదైనను, అసంఖ్యాకముగా ఆవృత్తియైనచో లోహము అలసి పగులునని నిరూపించెను. పెద్ద కుదుపు ఒక్కటి వేలకొలది చిన్న కుదుపులకు సమానమైన అలసటను కలిగించును. కనుక నున్నని రోడ్డును విడిచిపెట్టి, కుదుపులను మాత్రము ఏఱి వరుసగా పేర్చినచో సంవత్సరములు నెలలగును. వెల్డింగు అతుకులు, చట్రపు మూలలు, ఇంజను దిమ్మెలు ఈ బాటమీద తమ జాతకమును తామే వెల్లడించుకొనును.

కాని ఇందులో ఒక లోపము కలదు. గోతిని కుదింపవచ్చును గాని త్రుప్పును కుదింపలేము. పండ్రెండు వానకాలముల చెమ్మ, ఎండకు బిరుసెక్కు రబ్బరు, పెళుసెక్కు ప్లాస్టిక్కు, విశాఖ, మచిలీపట్నము వంటి సముద్రతీరపు డిపోలలో అడుగు రేకును నమలు ఉప్పుగాలి ఇవి తమకు వలసిన కాలమును తాము తీసికొనియే తీరును. పరీక్షాబాటమీద ఉత్తీర్ణమైన అతుకు, త్రుప్పు తిని సగము పలుచబడిన పిమ్మట అదే కుదుపునకు నిలుచునా యని ఏ పరీక్షకుడును ప్రమాణము చేయజాలడు.

ఆల్టూనాలో బయటపడిన లోపములను నాలుగు తరగతులుగా విభజింతురు: ప్రాణాపాయము కలిగింపగలవి మొదటి తరగతి, బస్సును దారిలో నిలిపివేయునవి రెండవది, ఎట్లో డిపోవఱకు వచ్చి వేఱొక బస్సు మార్పించునవి మూడవది, సాయంకాలము బాగుచేసికొనుటకు వీలైన చిల్లర జబ్బులు నాల్గవది. విశేషమేమనగా, ఇన్ని పరీక్షలు చేసినను చాలకాలము ఆల్టూనా యే బస్సును తప్పింపలేదు. నివేదిక వ్రాసి కొనువారి చేతికిచ్చుటయే దాని యధికారము. చదువువారు చదివిరి, చదువనివారు కొనిరి. 2012 నాటి శాసనమును అనుసరించి 2016 అక్టోబరు 31 నుండి మాత్రమే నూటికి మార్కులు వేయు పద్ధతి అమలునకు వచ్చినది. కనీస ప్రమాణములన్నిటిని తీర్చినచో 60 మార్కులు. అంతకు మించిన గుణములకు మిగిలిన 40. ఏ యొక్క కనీస ప్రమాణము తప్పినను బస్సు తప్పినట్లే. పరీక్షరుసుములో నూటికి ఎనుబది పాళ్లు ప్రభుత్వమే యిచ్చును. గ్రమ్మన్ పగుళ్లకును ఈ మార్కుల పట్టికకును నడుమ ముప్పదియాఱేండ్లు గడచినవి. ప్రభుత్వముల గతి యెల్లెడల నొక్కటియే యని మన దేశమువారు ఊఱట పొందవచ్చును.

ఆల్టూనా చూడని భయము వేఱొకటి కలదు: బస్సు పడిపోవుట. రెండంతస్తుల బస్సును చూచిన ప్రతివానికి మొదట కలుగు శంక అదియే. బ్రిటనువారు దీనికి కన్నులకు కట్టునట్టి సమాధానము కనిపెట్టిరి. పై అంతస్తులో ప్రయాణికులకు మాఱుగా ఇసుకబస్తాలను నింపి, క్రింది అంతస్తును ఖాళీగా నుంచి, అనగా బరువంతయు ఎక్కరాని చోటనే యెక్కించి, బస్సును పక్కకు ఒరుగు వేదికమీద నిలిపి 28 డిగ్రీలవఱకు వంతురు. అంత ఒరిగినను అది దొర్లరాదు. లండను రవాణాసంస్థ వారి చిస్విక్ కర్మాగారమున ఇట్లు ఒరిగి నిలిచిన బస్సుల ఛాయాచిత్రములను చూచినవారు, ఇది కూలకుండుట యెట్లని విస్తుపోవుదురు. ఇంజను, చట్రము, ఇరుసుల బరువంతయు నేలకు చేరువగా నుండుటయే అందలి రహస్యము. నిజాముల కాలమునుండి ఈ శతాబ్దారంభమువఱకు హైదరాబాదున ట్యాంకుబండుమీద గాలికి ఊగుచు పోయిన డబల్ డెక్కర్లలో పై అంతస్తు ముందు సీటుకై పరుగిడిన పిల్లలకు ఈ ధైర్యము పరీక్షలు లేకుండనే యుండెడిది.

పడకుండుట యొకటి, పడినను లోపలివారు నలుగకుండుట వేఱొకటి. 1986లో ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘము 66వ సంఖ్యగల నియమమును వెలువరించినది. దాని ప్రకారము బస్సును 800 మిల్లీమీటర్ల లోతుగల కాంక్రీటు పల్లపు టంచున నిలిపి, సెకనుకు ఐదు డిగ్రీలకు మించని నిదానముతో ఒరగించుచు పోయి, చివరకు దాని బరువునకు అదియే దొర్లి పల్లమున పడునట్లు చేయుదురు. వేగము లేదు, ఆర్భాటము లేదు. అయినను పైకప్పు అంచు నేలను తాకు క్షణమున పక్క కంబములు ఎంత వంగునో చూచిన, రోడ్డుమీది ప్రమాదముల ఛాయాచిత్రములలో పైకప్పు సీట్లదాక అణగిపోవుటకు హేతువు బోధపడును. ప్రయాణికుడు కూర్చుండు చోటి చుట్టును ఊహాత్మకమైన ఒక ప్రాణావకాశమును ముందే గీచియుంచి, దానికి గుర్తుగా లోపల చట్రములు నిలుపుదురు. వంగిన యే కంబమును ఆ గీతను దాటి లోనికి రారాదు, ఇదియే ఉత్తీర్ణత. బస్సు అందముగా మిగులవలెనని యెవరును కోరరు. ఈ నియమమును బోలిన దానిని దూరప్రయాణపు పెద్ద బస్సులకు విధింప అమెరికా నిశ్చయించినది 2021 డిసెంబరునందు. మన దేశమున ఇదే భావమును ఏఐఎస్-031 అను ప్రమాణమున గైకొన్నారు.

బ్రేకుల పరీక్షయందు మన ఘాట్‌రోడ్ల నెఱిగినవారికి ఆసక్తి కలుగును. మైదానమున ఒక్కమాఱు గట్టిగా త్రొక్కి నిలుపుట సులభపరీక్ష. అంతర్జాతీయ నియమములు అంతటితో విడువవు. నూటికి ఆఱుపాళ్ల వాలుగల పల్లమున, ఆఱు కిలోమీటర్ల మేర, గంటకు 30 కిలోమీటర్ల వేగమున నిండు బరువుతో దిగివచ్చిన దానికి సమానమైన శ్రమను కలిగించి, అప్పుడు కాగిపోయిన బ్రేకులు ఏపాటి నిలుపునో చూతురు. దూరప్రయాణపు బస్సులకు వాలును ఏడుపాళ్లకు పెంచి, కాలి బ్రేకును తాకకుండ, వేగమును అదుపుచేయు ఇతర సాధనములతోనే దిగుమందురు. పదే పదే త్రొక్కిన బ్రేకు వేడెక్కి పట్టు వదలునను సంగతి తిరుమల ఘాట్‌లో బండి నడుపు ఆర్టీసీ డ్రైవరు నియమములు చదువకుండనే యెఱుగును. ఎక్కిన గేరులోనే దిగవలెనని అతడు కొత్తవారికి చెప్పు మాట ఆఱు కిలోమీటర్ల పరీక్ష సారమే. అయినను, 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలోనికి దొర్లి అఱువదిమందికి పైగా మరణించిన దినమున, ఆ బస్సులో ఎక్కవలసినవారికంటె ఎక్కినవారు ఎంతయో యెక్కువ. పరీక్షాకేంద్రమున నిండు బరువు అను మాటకు ఒక సంఖ్య కలదు. మన బస్టాండులలో ఆ మాటకు ఇంకను సంఖ్య యేర్పడలేదు.

అన్నిటికంటె భయంకరమైనది నిప్పు. ఇందులో తెలుగువారు పొందిన దుఃఖము పెద్దది. 2013 అక్టోబరు 30 తెల్లవాఱుజామున నాటి మహబూబునగరు జిల్లా పాలెమువద్ద, బెంగుళూరునుండి హైదరాబాదు వచ్చుచున్న బస్సు కల్వర్టు గోడను కొట్టుకొని మంటలలో చిక్కగా 45 మంది దగ్ధులైరి. 2025 అక్టోబరు 24న, కర్నూలు సమీపమున చిన్నటేకూరువద్ద, హైదరాబాదునుండి బెంగుళూరు పోవు స్లీపరు బస్సు క్రింద మోటారుసైకిలు చిక్కుకొని యీడ్వబడగా నిప్పు పుట్టి 19 మంది ప్రయాణికులు ప్రాణములు కోల్పోయిరి. ఒకే రహదారి, నడుమ పండ్రెండేండ్ల యెడము. అమెరికాలో 1988 మే 14న కెంటకీ రాష్ట్రపు కారల్టన్ వద్ద త్రాగి నడుపుచున్నవాని వాహనము ఢీకొనగా ఒక పాత పాఠశాల బస్సు ఇంధనపు తొట్టి చిల్లువడి 27 మంది మరణించిరి. అందులో పిల్లలే యెక్కువ. విచారణలో తేలిన విషయము హృదయవిదారకమైనది. ఇంధనపు తొట్టికి రక్షణపంజరము మున్నగు కొత్త ప్రమాణములు 1977 ఏప్రిల్ 1 నుండి విధింపబడగా, ఆ బస్సు చాసిస్ ఆ ముందునెలలో, కొలదిదినముల తేడాతో తయారైనది. ప్రమాణము పుట్టియున్నది, ఆ బస్సు దానికి వారము పైచిలుకు ముందు పుట్టినది.

సీటుగుడ్డకు, కప్పుపలకకు నిప్పు పరీక్ష కలదు. అమెరికా ప్రమాణమున, అడ్డముగా పట్టిన పదార్థపు ముక్కకు నిప్పంటించినచో మంట నిమిషమునకు 102 మిల్లీమీటర్లకు మించి ప్రాకరాదు. ఈ పరీక్షను గూర్చి నాకొక అసంతృప్తి కలదు. పడుకోబెట్టిన గుడ్డమీద ప్రాకు మంటకును, నిలువు కర్టెనుమీద పైకెగయు మంటకును వేగమున ఎంతయో తేడా యుండునని దీపావళినాడు చూడనివారెవరు? స్లీపరు బస్సులో ప్రతి బెర్తునకు నిలువు తెర కలదు, పఱుపు కలదు, దుప్పటి కలదు. అడుగునుండి లేచిన పొగ మొదట చేరునది పై బెర్తు. అచ్చట పండుకొన్నవాడు నిద్రలేచి, తెర తొలగించి, దిగి, ఇరుకు నడవలో చీకటిలో తలుపు వెదకికొనవలెను. గుడ్డముక్కకు జరిగిన పరీక్ష ఇందులో ఏ పాటిదానికి జవాబు చెప్పును?

మన దేశపు చిక్కు వేఱొకచోట కూడ నున్నది. అమెరికాలో నగర బస్సును చాలవఱకు ఒక్క తయారీదారుడే ఆసాంతము చేసి యిచ్చును. ఇచ్చట పెద్ద కంపెనీ చాసిస్ నమ్మును. దానిమీద బాడీ కట్టువాడు వేఱు. ముందు అద్దము మాత్రమే అమర్చిన అస్థిపంజరమువంటి చాసిస్‌పై, కండ్లజోడు పెట్టుకొని, ముఖమునకు తువాలు చుట్టుకొని, కర్మాగారమునుండి బాడీ షెడ్డుదాక నడుపుకొని పోవు డ్రైవర్లను హైవేలమీద చూడనివారు లేరు. హైదరాబాదు మియాపూరులో ఆర్టీసీవారికే బాడీలు కట్టు కర్మశాల కలదు. ఇతర షెడ్లు దేశమున అసంఖ్యాకములు. చాసిస్ ఎంత కఠినపరీక్షలకు నిలిచినను, కప్పును మోయు కంబము ఎంత మందమో, అతుకు ఎట్టిదో, ఆపద్ద్వారము ముందు సీటు అడ్డముగా బిగింపబడినదో లేదో నిర్ణయించునది ఆ షెడ్డులోని మేస్త్రి. దీనిని అదుపులోనికి తెచ్చుటకే బస్సు బాడీలకు ఏఐఎస్-052 అను సమగ్ర నియమావళియు, స్లీపరు బస్సులకు ఏఐఎస్-119 అను ప్రత్యేక నియమావళియు వెలసినవి. 1966లో పుణెలో ఏర్పడిన ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్, ఆ మఱుసటి యేట అదే నగరమున ఏర్పడిన కేంద్ర రోడ్డు రవాణా సంస్థ, ఇండోరు సమీపమున పీతంపూరులో 2021లో ప్రారంభమైన 11.3 కిలోమీటర్ల వేగపరీక్షా పథము మన పరీక్షల పెట్టుబడిలో చెప్పుకొనదగినవి. సాధనములకు కొదువ యున్నదనుట సరికాదు.

కొదువ యున్నది నమూనాకును, రోడ్డుమీది బస్సునకును నడుమ. పరీక్షకు పోవునది ఒక్క బస్సు. దాని పేరిట ఆమోదపత్రము పుచ్చుకొని తిరుగునవి వందలు. ఆ వందలును ఆ యొక్కదానివలెనే యున్నవను నమ్మకముమీద వ్యవస్థ యంతయు నిలిచియున్నది. సీట్ల బస్సుగా పుట్టినది స్లీపరుగా మాఱుట, సామాను అఱ పొడుగగుట, ఏసీ కొఱకు కొత్త తీగలు లాగుట, ఇంకొక బెర్తు పట్టుటకై ఆపద్ద్వారమును చెక్కతో మూయుట, ఇవి పరీక్షాకేంద్రము నుండి వందలాది మైళ్ల దూరమున, ఏదో యొక షెడ్డులో, రాత్రికి రాత్రి జరుగు పనులు. చిన్నటేకూరు బస్సు సీట్లతో పుట్టి, పిదప స్లీపరుగా మాఱినదని పత్రికలు వ్రాసినవి. ఆ మార్పు జరిగిన క్షణముననే, మొదటి నమూనా పొందిన ఆమోదము వేఱొక బస్సునకు చెందినదైపోయినది.

ఈ యెడమును పట్టుకొనవలసినవాడు జనులు బ్రేక్ ఇన్‌స్పెక్టరని పిలుచు మోటారు వాహన తనిఖీ అధికారి. రవాణా వాహనమునకు మొదటి యెనిమిదేండ్లు రెండేండ్లకొకమాఱు, ఆపైన ఏటేట ఎఫ్‌సీ, అనగా వాహనపు యోగ్యతాపత్రము, చూపించుకొనవలెనని నియమము. అతడు బ్రేకు చూచును, లైట్లు చూచును, హారను మ్రోగించును, పొగ కొలుచును. బండి పాతబడినదా యను ప్రశ్నకు ఇవి తగిన పరీక్షలే. బండి మాఱినదా యను ప్రశ్నకు ఇవి చాలవు. ఆమోదము పొందిన నమూనాకు సంబంధించిన పటము, అనగా నడవ వెడల్పు, ఆపద్ద్వారముల సంఖ్య, వాని స్థానము, బెర్తుల అమరిక, ఇంధనపు తొట్టి చోటు, ఇవి వాహనపు సంఖ్యను నమోదు చేయగానే అధికారి చేతిలోని ఫోనున కనబడుట నేటి సాంకేతిక స్థితిలో గొప్ప కార్యము కాదు. కనబడినచో, టేపు చేతబట్టి లోపలికెక్కి పోల్చి చూచుటకు పావుగంట పట్టును. ప్రయాణికునికి కూడ ఆ పటములో ఒక్క భాగము, ద్వారములు ఎచ్చటెచ్చట నున్నవో తెలుపునది, టిక్కెట్టుతోపాటు పంపవచ్చును. పైబెర్తు టిక్కెట్టు కొన్నవాడు బస్సెక్కి, పటమున ద్వారమున్నచోట పఱుపులు పేర్చియుండుటను చూచెనా, తొలగింపుమని క్లీనరు నడుగుటకు అతని చేత ఆధారమొకటి యుండును. తొలగించువఱకు బస్సు కదలరాదని డ్రైవరుతో వాదించుటకు పక్క బెర్తులవారు కూడ లేతురు.